కాగితం మీద చెడిపోయిన కార్డు

నేను ఒక నెట్‌వర్క్ కార్డును. అరచేయంత పచ్చని పలక, దాని అంచున బంగారు రంగు పళ్ళ వరస, ఒక చివర ఇనప రేకు, ఆ రేకులో తీగ దూర్చడానికి చదరపు కన్నం, కన్నం పక్కన ఆవగింజంత దీపం. నా ఒళ్ళంతా కలిపి ఇంతే. ప్రస్తుతం శ్రీకాకుళం జిల్లాలో ఒక బ్యారేజి కంట్రోల్ రూము వెనక ఉన్న పాత సామాన్ల గదిలో, తుప్పు పట్టిన గేటు గొలుసుల మీద పడుకుని ఉన్నాను. నా రేకుకు దారంతో ఒక అట్టముక్క కట్టారు. దాని మీద 'లోపం గలది, వాడరాదు' అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేశారు.

అది అబద్ధం. నాలో ఏ లోపమూ లేదు. ఇప్పుడు తీసుకెళ్ళి ఏ సర్వర్‌లో గుచ్చినా నిమిషంలో దీపం వెలిగిస్తాను. ఆ సంగతి అట్ట రాసిన ఇంజినీరుకు తెలుసు. ఆయన రాస్తుంటే పక్కన నిలబడ్డ ఇద్దరికీ తెలుసు. ముగ్గురూ తెలిసే చేశారు. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు లేదు. పూర్తిగా లేదని చెప్పను గానీ, ఎందుకు తగ్గిందో చెబుతాను, వినండి.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. పుట్టగానే పన్నెండు అక్షరాల పేరు పెట్టారు. మనుషుల్లో ఒకే పేరున్నవాళ్ళు వీధికి నలుగురుంటారు, పైగా పిలిస్తే నలుగురూ పలుకుతారు. మాలో అలా కుదరదు. నా పేరు ఈ భూమ్మీద నాకొక్కదానికే ఉండాలి. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం టెక్కు ఉండేది, ఒప్పుకుంటాను.

ఓడెక్కి విశాఖపట్నం వచ్చాక ఒక ఇంటర్ కాలేజీ వాళ్ళు నన్ను కొన్నారు. అక్కడ పిల్లల మార్కులన్నీ నా గొంతులోంచే వెళ్ళేవి. ఫస్టు వచ్చినవాడి మార్కులూ, ఫెయిలైనవాడి మార్కులూ నాకు ఒకే బరువు. బయట మాత్రం ఒకడికి పూలదండ, ఇంకొకడికి వీపు మోత. నాలుగేళ్ళకు ఆ కాలేజీ మూతపడింది. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన నన్ను కుంచెతో దులిపి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త కవరులో పెట్టాడు. అక్కడినుంచి ఒక కాంట్రాక్టరు చేతికి వెళ్ళాను. ఆయన నన్ను ఈ బ్యారేజికి తెచ్చి 'సరికొత్తది' అని కాగితం మీద రాయించాడు. చూశారా, నా బతుకులో కాగితం నిజం చెప్పింది ఎప్పుడు? వచ్చినప్పుడు పాతదాన్ని కొత్తదన్నారు, పోయేటప్పుడు మంచిదాన్ని చెడిపోయిందన్నారు.

బ్యారేజి వాళ్ళకు నేనెందుకు కావలసి వచ్చానంటే, అంతకు ముందు ఏడాది పిడుగు పడి వాళ్ళ పాత సర్వర్ కాలిపోయింది, కొత్తది వచ్చేదాకా మూడు రోజులు కంట్రోల్ రూము మూగబోయింది. సర్వర్ చేసే పని చిన్నది కాదు. పైన ఏటి పొడుగునా నీటిమట్టం కొలిచే పరికరాలున్నాయి, అవి పంపే లెక్కలు అందుకోవాలి. గేట్లు ఎత్తే ముందు కింద ఊళ్ళ దగ్గరున్న సైరన్లను మోగించాలి. ఏటి మధ్యలో కొంగలదిబ్బ అనే లంక ఉంది. గేదెలకు గడ్డి కోసం ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే మోకాలు లోతు నీళ్ళలో నడిచి ఆ దిబ్బ మీదికి వెళ్తారు. అక్కడ ఫోన్లకు సిగ్నల్ ఉండదు. సైరన్ మోగితే కొడవళ్ళు చంకన పెట్టుకుని ఒడ్డుకు వచ్చేస్తారు. మోగకపోతే వాళ్ళకు నీళ్ళొస్తున్నాయని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

సర్వర్‌కు పుట్టుకతోనే ఎడమవైపు ఒక కన్నం ఉంది. ఆ కన్నాన్ని నేను అన్న అని పిలిచేదాన్ని. నన్ను కుడివైపు బిగించారు. ఇద్దరిలో ఎవరి దగ్గర తీగ ఉంటే వాళ్ళు పని చేయాలి, రెండోవాళ్ళు కాచుకుని ఉండాలి. ఇద్దరికీ చెరొక తీగ ఇవ్వాలన్నది మొదటి ఏర్పాటు. ఒక తీగ లాగి, రెండోది రేపు లాగుతామన్నారు. ఆ రేపు ఎన్నటికీ రాలేదు. ఉన్న ఒక్క తీగా అన్నకు పెట్టి, రికార్డులో 'లైను: ఎడమ. కుడి: ఖాళీ' అని రాసుకున్నారు. అలా నేను రెండేళ్ళు దీపం లేకుండా కూర్చున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తర్వాత కథ మీకు అందదు. నాకూ సర్వర్‌కూ భాష ఒకటి కాదు. మా ఇద్దరి మధ్య ఒక దుబాసీ ఉంటాడు. నేను అనేది ఆయనకు, ఆయన అనేది నాకు తిప్పి చెబుతాడు. కంప్యూటరు మనుషులు వాణ్ని డ్రైవర్ అంటారు. వాడు లేకపోతే నేను ఎంత అరిచినా సర్వర్‌కు వినబడదు. అన్నకు ఒక దుబాసీ, నాకు ఇంకొక దుబాసీ. అప్పుడప్పుడు పాత దుబాసీని పంపేసి కొత్తవాణ్ని పెడుతుంటారు, కొత్తవాడికి తప్పులు తక్కువని. ఎదురుగా కూర్చుని ఆ పని చేస్తే గొడవ లేదు. దూరాన్నుంచి చేసేటప్పుడే జాగ్రత్త. మీ మాట ఏ దుబాసీ నోటి ద్వారా వస్తోందో, వాణ్నే 'నువ్వు వెళ్ళు' అన్నారనుకోండి. వాడు వెళ్తాడు. 'కొత్తవాణ్ని పిలువు' అనే రెండో మాట వినడానికి ఇక్కడ ఎవరూ మిగలరు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

ఇక మనుషుల దగ్గరికి వస్తాను. కంట్రోల్ రూము చూసుకునేవాడు బెవర తవిటయ్య. లస్కరు, అంటే గేట్ల దగ్గర పని చేసే మనిషి. ముప్పై ఏళ్ళు గేట్లెత్తి, మోకాళ్ళు అరిగాక ఈ చల్లటి గదికి మారాడు. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి వద్దనడానికి ఒక్క మాట చాలు. గది తలుపు మీద పెద్దక్షరాలతో కాగితం అంటించి ఉంది: సిబ్బంది ఎవరూ తీగలు ముట్టుకోరాదు, ముట్టుకున్నవారిని తొలగిస్తాం. తవిటయ్యకు చదువు రాదు గానీ ఆ కాగితంలో ఏముందో బాగా తెలుసు. అంతకు ముందున్న మనిషి ఫోన్ చార్జింగ్ కోసం ఏదో ప్లగ్గు పీకి, ఆ వారమే ఇంటికి వెళ్ళిపోయాడు.

అంత తెలిసినవాడు దసరానాడు ఆ పని చేశాడు. ఆయుధపూజ అంటే తవిటయ్యకు ప్రాణం. ఆ రోజు పొద్దున్న గేట్ల మోటార్లు, గొలుసులు, జనరేటరు, మనిషంత పొడుగున్న స్పానర్లు, ఆఖరికి గోడమీది టెలిఫోను, అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, గేట్ల దగ్గర గుమ్మడికాయ కొట్టి, పళ్ళెంతో మా గదిలోకి వచ్చాడు.

"గేట్లు మోసినోల్లకి ఎట్టి నీకెట్టకపోతే నొచ్చుకుంటావు. ఏడాదంతా ఏసీలో సల్లగా కూకున్నా నివ్వూ మాతోటోడివే గదా," అని సర్వర్‌తో అన్నాడు.

ముందువైపు బొట్టు పెట్టి ఊరుకుంటే ఈ కథే లేదు. వెనక్కి వచ్చాడు. మా రేకుల మీద దుమ్ము చూసి మనసొప్పలేదు. తడిగుడ్డతో తుడవడానికి తీగ అడ్డం వచ్చింది. మెల్లగా, బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని తీగ లాగాడు. అన్నను తుడిచాడు, నన్ను తుడిచాడు. ఇద్దరి నుదుటా ఒకే రకం కుంకుమబొట్టు పెట్టాడు. పాతబడి మాసిన 'ఎడమ', 'కుడి' చీటీలు ఆ బొట్ల కింద కనబడకుండా పోయాయి. తర్వాత తీగ తీసుకుని, రెండు మొహాలూ రెండు బొట్లూ ఒకేలా ఉంటే, దగ్గరున్న కన్నంలో పెట్టాడు. అది నాది.

నా దీపం వెలిగింది. రెండేళ్ళ తర్వాత వెలిగింది. తవిటయ్య ఆ దీపం చూసి దండం పెట్టి వెళ్ళిపోయాడు. సర్వర్‌కు తేడా లేదు, ఇద్దరిలో ఎవరైనా ఒకటే. అన్న మాత్రం ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను పన్నెండు రోజులు ఏటి లెక్కలన్నీ మోశాను, చాలా సంతోషంగా మోశాను. రికార్డులో మాత్రం నేను ఖాళీయే.

పదమూడో రోజు మా దగ్గర ఎండ కాస్తోంది. వాన పడింది పైన, ఒడిశా కొండల్లో. తొమ్మిది గంటలకు అక్కడినుంచి మా అసిస్టెంటు ఇంజినీరు కృపానందానికి ఫోన్ వచ్చింది, మధ్యాహ్నానికి నీళ్ళొస్తాయి, పదకొండుకు గేట్లెత్తండి అని. ఆయన లస్కర్లను పిలవడంలో, గేట్లకు గ్రీజు పట్టించడంలో మునిగిపోయాడు. ఆ రోజు పదిన్నరకు సర్వర్ మీద వైజాగ్ వాళ్ళు పని చేస్తారని వారం క్రితం తనే అనుమతి కాగితం మీద సంతకం చేశాడు. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు.

వైజాగ్‌లో ఆ పని చేసేది పేడాడ నీలవేణి. చిన్న కంపెనీలో ఇంజినీరు, మా సర్వర్‌ను దూరాన్నుంచి రెండేళ్ళుగా చూస్తోంది. మా ఇద్దరి దుబాసీల్లోనూ ఏదో లోపం ఉందని, కొత్తవాళ్ళను పెట్టాలని ఆమెకు ఉత్తర్వు. దుడుకు మనిషి కాదు. ముందు ఖాళీగా ఉన్న కార్డు మీద పని చేద్దాం, అది బాగుంటే అప్పుడు రెండోదాని సంగతి చూద్దాం అనుకుంది. ఖాళీ కార్డు ఏదని రికార్డు తెరిచింది. కుడి అని ఉంది. నా దుబాసీని వెళ్ళమంది.

వాడు వెళ్ళాడు. నా దీపం ఆరింది. నీలవేణి తెర మీద అక్షరాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అన్న మేలుకునే ఉన్నాడు, తన దుబాసీ కూడా పక్కనే ఉన్నాడు. ఆయన దగ్గర తీగ లేదు, అంతే.

పది నిమిషాల తర్వాత కృపానందం సైరన్ మీట నొక్కాడు. మోగలేదు. మళ్ళీ నొక్కాడు. తర్వాత ఆయన గొంతు మా గదిదాకా వినబడింది.

"సైరన్ పలకడం లేదు! కొంగలదిబ్బ మీద ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు బాబూ. గడ్డికెల్లినోల్లు పదకొండు మంది," అన్నాడు తవిటయ్య. ఏటివైపు చూసి, "మా సూరమ్మా ఎల్లినాది," అన్నాడు.

సూరమ్మ అతని భార్య.

గేట్లు ఇంకో ముప్పావుగంట ఆపొచ్చు. ఆ పైన ఆపితే నీళ్ళు గేట్ల మీంచే దొర్లుతాయి. రేవు ఊరివాళ్ళకు ఫోన్లు చేశారు, ఎవరూ ఎత్తలేదు; ఒకణ్ని మోటారుసైకిల్ మీద తోలారు. దిబ్బకు ఎదురుగా ఉన్న రేవుకు చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రోడ్డున గంట. ఆ గందరగోళంలోనే కంట్రోల్ రూము ఫోన్ మోగింది. నీలవేణి. తన వల్ల ఏదో తెగిందని ఆమెకు అప్పటికే తెలిసింది. ఏం తెగిందో అర్థం కాలేదు. కృపానందం రెండు ముక్కల్లో కోపమంతా చెప్పి, ఫోన్ తవిటయ్య చేతిలో పెట్టి గేట్ల వైపు పరిగెత్తాడు.

"తవిటయ్య బాబాయ్, సర్వర్ వెనక్కి వెళ్ళండి. కంగారు పడకండి, నేను లైన్లోనే ఉన్నాను. రెండు కన్నాలుంటాయి, చూశారా? తీగ ఎడమవైపు దాంట్లోనే ఉంది కదా?"

తవిటయ్య వంగి చూశాడు. తీగ కుడివైపు ఉంది, నాలో. రెండు బొట్లు, మధ్యలో అతని ముఖం. దసరానాటి పొద్దున్న అతనికి ఆ క్షణంలో గుర్తొచ్చిందని, నేను దగ్గర్నుంచి చూశాను కాబట్టి ఖాయంగా చెప్పగలను.  నాలోంచి తీగ లాగి అన్నలో పెట్టాడు. అన్న దీపం వెలిగింది.

"ఆ, ఎడమేపే ఉందమ్మా," అన్నాడు.

"దీపం ఉందా?"

"ఎలుగుతోంది తల్లీ."

"మీరేమైనా తీసి పెట్టారా బాబాయ్?"

"నేదమ్మా. నాను ముట్టుకోనేదు."

ఆ మాట పూర్తయ్యేలోపు ఏటి మీదినుంచి సైరన్ వినబడింది. పదకొండూ పదికి మోగడం మొదలైంది. పదకొండున్నర దాటాక రేవు నుంచి ఎవరో ఫోన్ చేసి, ఒక్కొక్కరే ఒడ్డెక్కుతున్నారని చెప్పారు. తవిటయ్య నా ముందే గోడకు ఆనుకుని నిలబడి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. పదో పేరు విన్నాక చాలాసేపు ఏ పేరూ రాలేదు. తర్వాత పదకొండోది వచ్చింది. అప్పుడు ఫోన్ పెట్టేసి గేట్ల వైపు కేకేశాడు. గేట్లు ఎత్తారు.

కథ ఇక్కడితో ఐపోతే అందరికీ హాయి. కానీ మనుషుల్లో ఒక అలవాటుంది. ప్రమాదం తప్పిందని ఊపిరి పీల్చుకోగానే, తప్పు ఎవరిదని వెతుకుతారు. పైనుంచి కృపానందాన్ని అడిగారు. కృపానందం నీలవేణి కంపెనీని అడిగాడు. కంపెనీ వాళ్ళు అడగలేదు, గురువారం విచారణ కాగానే ఆమెను తీసేస్తామని చెప్పేశారు. ఆమె చేసిన పని వల్లే లైను తెగింది, అందులో అనుమానం లేదు. ఖాళీ కార్డు మీద చేసిన పనికి లైనెందుకు తెగిందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ జవాబు మా గదిలో మూడు వస్తువులకు తెలుసు. మాకు నోరు లేదు. ఒక మనిషికి తెలుసు. అతను నోరు తెరవలేదు.

తవిటయ్య మీద నాకు అప్పుడు కోపం వచ్చింది. నాకు బొట్టు పెట్టినవాడు, నా దీపానికి దండం పెట్టినవాడు, అబద్ధమాడి నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడే అనుకున్నాను. నిజానికి అలా లేడు. గది రోజుకు మూడుసార్లు తుడిచేవాడు. సర్వర్ వెనక్కి మాత్రం రాలేదు. ఎవరైనా తీగ అనే మాట అంటే ఉలిక్కిపడేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉండేది అతని వాలకం.

బుధవారం మధ్యాహ్నం సూరమ్మ క్యారేజీ తెచ్చింది. గుమ్మం దగ్గర కూర్చుని గిన్నెలు విప్పుతూ అంది.

"సైరనేసింది ఎవలో ఆడపిల్లంట గదా, పోన్లో నీకు సెప్పి ఏయించిందంట. ఆ పిల్లనే పన్లోంచి తీసేత్తారంట, ఇదేటి సోద్దెం? మమ్మల్ని బతికించినోలికి ఇదా సేసేది? నివ్వు పెద్దోడివి గదా, ఓ మాట సెప్పలేవా బాబుతోటి?"

తవిటయ్య కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచాడు. కాసేపటికి చెయ్యి కడిగేసుకున్నాడు. సూరమ్మ, ఉప్పు ఎక్కువైందా అని రుచి చూసి, ఎక్కువ కాలేదని నిర్ధారించుకుని, గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది.

గురువారం నీలవేణి బస్సులో వచ్చింది. అప్పటిదాకా ఆమె నాకు వేళ్ళ వేగంగానే తెలుసు. చూస్తే బక్కపలచని మనిషి, చేతిలో టిఫిను డబ్బా, చంకన ల్యాప్‌టాప్ సంచి. విచారణ మా గదిలోనే జరిగింది. కృపానందం కుర్చీలో, ఆమె స్టూలు మీద, తవిటయ్య తలుపు దగ్గర.

"ఏం జరిగిందో చెప్పమ్మా. సాయంత్రానికి రిపోర్టు పంపాలి," అన్నాడు కృపానందం.

"రికార్డు చూశాను సార్, సర్వర్‌ను అడగలేదు. లైను ఏ కార్డు మీద నడుస్తోందో ఒక్క ఆదేశం టైపు చేస్తే అదే చెప్పేది. అది మొదటి తప్పు. రెండోది, పని మొదలుపెట్టే ముందు సర్వర్‌కు ఒక చీటీ రాసిపెట్టాలి, పది నిమిషాల్లో నా దగ్గర్నుంచి కబురు రాకపోతే పాత డ్రైవర్‌ను నువ్వే వెనక్కి పిలుచుకో అని. అదీ చెయ్యలేదు. ఖాళీ కార్డే కదా అనుకున్నాను. తప్పు నాదే సార్. అలాగే రాసుకోండి."

కృపానందం కలం తీశాడు. అప్పుడు తలుపు దగ్గర్నుంచి మాట వినబడింది.

"రాయకండి బాబూ."

ఇద్దరూ వెనక్కి చూశారు. తవిటయ్య తలుపు మీది కాగితాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ అమ్మ తప్పేటీ నేదు. దసరానాడు బొట్టెడదారని తీగ నానే తీసినాను. మల్లీ ఎట్టినప్పుడు ఏ కన్నంలో ఎట్టినానో నాకు తెల్దు. మొన్న పోన్లో అమ్మడిగినప్పుడు తెలిసింది, కుడేపు ఉందని. ఎడమేపు మార్సీసి, ముట్టుకోనేదని అబద్దమాడినాను. ఉజ్జోగం పోద్దని బయమేసింది బాబూ. ఆ సైరను నా ఇంటిదాన్ని బతికించింది. ఈ పిల్లని బలెట్టి నాను కూడు తినలేను."

 నాకు కోపం ఎటు పోయిందో తెలియలేదు.

నీలవేణి తల దించుకుంది. "నాకు తెలుసు బాబాయ్," అంది.

"ఏటి తెలుసమ్మా?"

"సర్వర్ డైరీ రాసుకుంటుంది. ఆ రోజు రాత్రే చదివాను. దసరానాడు తొమ్మిదీ పద్నాలుగుకు ఎడమవైపు లైను పోయింది, పదహారుకు కుడివైపు వచ్చింది. పండగనాడు ఈ గదిలో ఉండేది మీరొక్కరే."

"మరెందుకు సెప్పనేదు?"

"చెబితే నా తప్పు పోతుందా? తీగ ఎవరైనా మారుస్తారు, ఎలకైనా లాగుతుంది. డ్రైవర్ తీసే ముందు చూసుకోవలసింది నేను. మిమ్మల్ని తీసేస్తే నాకేం వస్తుంది?"

 కృపానందం కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. కిటికీలోంచి ఏటివైపు చూస్తూ అన్నాడు.

"ఒడిశా నుంచి తొమ్మిదికే ఫోన్ వచ్చింది. పదిన్నరకు నీ పని ఉందని నా సంతకంతోనే కాగితం ఉంది. ఒక్క ఫోన్ చేసి ఇవాళ వద్దమ్మా అంటే నువ్వు ఆపేసేదానివి. రెండో తీగ లాగించమని రెండేళ్ళ నుంచి నువ్వు రాస్తున్న ఉత్తరాలు కూడా నా బల్ల సొరుగులోనే ఉన్నాయి."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. పిడికెళ్ళు మూడూ బల్ల మీదికి వచ్చాయి. నాది మాత్రం లేదు. నేనేం చేశాను? ఎవరు తీగ పెడితే వారి పని చేశాను. దుబాసీని పంపేస్తే మాట ఆపాను. అంతా రూలు ప్రకారమే.

కృపానందం రిపోర్టు రాశాడు. రాసింది రాసినట్టు పైకే చదివాడు: "కుడివైపు నెట్‌వర్క్ కార్డులో ఏర్పడిన లోపం వల్ల అంతరాయం కలిగినది. సిబ్బంది అప్రమత్తతతో అరగంటలో పునరుద్ధరించడమైనది. సదరు కార్డును మార్చుటకు అనుమతి కోరడమైనది."

అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటే అర్థముంది. ఇక్కడ కోపం కూడా లేదు. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుని, చివరికి నావైపు చూశారు. నీలవేణి లేచి వచ్చి నా రేకు మీద చూపుడువేలు ఆనించింది. పొరబాటున తొక్కినవాళ్ళను ముట్టుకుని కళ్ళకద్దుకుంటారే, అలా అద్దుకుంది. అంత మర్యాద చేసి తిట్టడం నేనెక్కడా చూడలేదు.

పది రోజులకు కొత్త కార్డు వచ్చింది. నీలవేణి కూడా వచ్చింది. ఈసారి జరిగిన తీరు చెబుతాను, ఎందుకంటే నన్ను తీసెయ్యడం అంత చక్కగా ఎవరూ చెయ్యలేరు. కృపానందం ముందు పైవాళ్ళకు ఫోన్ చేసి, మూడు రోజులదాకా నీళ్ళు రావని చెప్పించుకున్నాడు. ఒక్కో సైరన్ దగ్గర ఒక్కో లస్కరును కూర్చోబెట్టాడు. రెండో తీగ, ఆ రేపటి తీగ, ఎట్టకేలకు గోడ వెంట వచ్చింది. నీలవేణి దూరాన్నుంచి కాక సర్వర్‌కే తెర, కీబోర్డు తగిలించి ఎదురుగా కూర్చుంది. ఆ రోజు వెళ్ళిపోయిన నా పాత దుబాసీని వెనక్కి పిలిచి, వాడి వెర్షన్ ఏదో రాసుకుని, ఒక నకలు దాచింది. లైను ఎవరి మీద నడుస్తోందని సర్వర్‌నే అడిగింది. అన్న మీద, అంది సర్వర్. ఆ మాటా నమ్మలేదు. తీయవలసిన కార్డును దీపం ఆర్పి వెలిగించమని అడిగింది.

అడిగింది నన్నే. ఎవరు నువ్వు, ఎక్కడున్నావు, చూపించు అని. నేను ఒక నిమిషం పాటు దీపం ఆర్పుతూ వెలిగిస్తూ ఉన్నాను. చెడిపోయినదాన్నని కాగితాలన్నీ చెబుతుంటే, నేనిక్కడున్నానని నన్ను నేనే పట్టిచ్చుకున్నాను. నా బతుకులో చేసిన ఆఖరి పని అది, తప్పు లేకుండా చేశాను.

"ఇదేనమ్మా. కన్ను కొడతంది," అన్నాడు తవిటయ్య వంగి చూస్తూ.

తర్వాత నా దుబాసీని సెలవు తీసుకోమన్నారు, సర్వర్‌ను కాసేపు పడుకోబెట్టారు, నన్ను లాగి కొత్తదాన్ని పెట్టారు. సర్వర్ లేచి, రెండు దీపాలూ వెలిగాక, నీలవేణి తీగలు ఒక్కొక్కటే తీసి చూసింది. ఒకటి తీసినా రెండోది పని చేస్తోందని తేలాకే లేచింది. అప్పుడు తవిటయ్యను పిలిచింది.

"బాబాయ్, ఆ చీటీలు మళ్ళీ మాసిపోతాయి. మీ పళ్ళెం తెండి. ఎడమదానికి కుంకుమ, కుడిదానికి గంధం. ప్రతి దసరాకీ అంతే, మారకూడదు. రికార్డులో కూడా అలాగే రాస్తున్నాను. పెట్టే ముందు నాకు ఫోన్ చెయ్యండి, తీగ తియ్యకుండా ఎలా తుడవాలో చెబుతాను."

తవిటయ్య పెట్టాడు.  నేను అప్పటికి బల్ల మీద అట్టముక్క కట్టించుకుని ఉన్నాను, అందువల్ల నాకేమీ అందలేదు.

అది జరిగి ఏడాదైంది. తవిటయ్య ఎండాకాలంలో పని మానేశాడు, అరవై దాటాయని. నేను ఈ గొలుసుల మీదే ఉన్నాను. ఇక్కడ నాకు తోడు పిడుగుకు కాలిన పాత సర్వర్ ఒకటి, పళ్ళరిగిన గేటు చక్రం ఒకటి. వాళ్ళు నిజంగానే పాడైనవాళ్ళు. మొదట్లో నేను వాళ్ళకంటే మంచిదాన్నని మొహం తిప్పుకుని ఉండేదాన్ని. ఇప్పుడు అలా అనిపించదు. ముగ్గురు మనుషుల తప్పు ఒక పచ్చ పలక మీద పడితే, ముగ్గురి ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది. నీలవేణి ఉద్యోగంలోనే ఉందని, సైరన్ ఈ ఏడు మూడుసార్లు సమయానికి మోగిందని గోడ అవతలి మాటల్లో విన్నాను.

ఇవాళ దసరా. పొద్దున్న గేట్ల దగ్గర గుమ్మడికాయ కొట్టిన చప్పుడు వినబడింది. కాసేపటికి ఈ గది తాళం తీశారు. పళ్ళెం పట్టుకుని తవిటయ్య వచ్చాడు, మోకాళ్ళు పట్టుకుంటూ. పండగనాడు పిలిపించారో, తనే వచ్చాడో తెలియదు. చక్రానికి బొట్టు పెట్టాడు. కాలిన సర్వర్‌కు పెట్టాడు. గొలుసుల పక్కన కష్టపడి కూర్చుని నన్ను చేతిలోకి తీసుకున్నాడు. తువ్వాలు చెంగుతో దుమ్ము తుడిచి, రేకు మీద, కన్నం పక్కన, వేలికొసతో కుంకుమ అద్దాడు.

"నివ్వు సెడిపోనేదని నాకెరికే," అన్నాడు.

అట్టముక్క అతని మణికట్టు మీద వేలాడింది. దాన్ని పట్టుకుని కాసేపు చూశాడు. దారం తెంపుతాడనుకున్నాను. తెంపలేదు. ఆఫీసు కట్టినదాన్ని ముట్టుకోకూడదని అతనికి ఇప్పుడు బాగా తెలుసు. అట్టను మాత్రం మెల్లగా తిరగేసి, రాత కిందికి, ఏమీ రాయని తెల్లటి వైపు పైకి వచ్చేలా పెట్టి, నన్ను గొలుసుల మీద పడుకోబెట్టి వెళ్ళిపోయాడు.